అద్దె మోటర్‌హోమ్ నడిపేవారికి: స్టీరింగ్ మీది బటన్లు, లివర్లు వాడే పద్ధతి

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని యోసెమిటీకో, గ్రాండ్ కాన్యన్‌కో, ఎల్లోస్టోన్‌కో బయలుదేరడం ఇప్పుడు మామూలు విషయమే. ఇలా అద్దెకు దొరికే బళ్ళలో క్లాస్ సి రకం ఎక్కువగా కనిపిస్తుంది. దాని ముందు భాగం ఫోర్డ్ ఈ-సిరీస్ వ్యాన్ క్యాబిన్, ఆ వెనుక వంటగది, బాత్‌రూమ్, మంచాలతో కూడిన ఇల్లు, డ్రైవర్ తలమీద ఇంకొక పడక ఉంటాయి. ఈ వ్యాసం ప్రధానంగా ఆ రకం బండిని, అందులోనూ ఈ-450 ఛాసిస్ (ఇంజిన్, చక్రాలతో కూడిన కింది చట్రం) మీద కట్టిన బండిని దృష్టిలో పెట్టుకుని రాసినది. మెర్సిడెస్ స్ప్రింటర్ మీద కట్టిన చిన్న బళ్ళు, వెనుక ఇంజిన్ ఉండే పెద్ద డీజిల్ కోచ్‌లు ఎక్కడ వేరుగా ఉంటాయో చివరిలో చెప్పాను.

ఈ-450 ఛాసిస్ సామానుతో, మనుషులతో కలిపి 14,500 పౌండ్ల దాకా, అంటే దాదాపు ఆరున్నర టన్నుల దాకా మోయడానికి తయారైనది. ఒక మామూలు సెడాన్ కారుకు ఇది నాలుగు రెట్లు. అయినా డ్రైవర్ సీట్లో కూర్చుంటే ఎదురుగా కనిపించేది కారులో ఉండే స్టీరింగ్ లాంటిదే, బటన్లూ అవే. చిక్కంతా ఇక్కడే ఉంది. కారులో క్రూజ్ (కాలు తొక్కకుండానే ఒకే వేగాన్ని నిలిపే) బటన్ నొక్కితే ఏం జరుగుతుందో, ఇక్కడ నొక్కితే సరిగ్గా అదే జరగదు. బటన్ మారలేదు గాని దాని వెనుక ఉన్న బరువు మారింది. కాబట్టి నా సలహా ఏమిటంటే, ఏ బటన్ దేన్ని ఆన్ చేస్తుందో నేర్చుకోవడానికి ముందే, దాన్ని ఎలా ఆపాలో, ఎప్పుడు ఆపాలో నేర్చుకోవాలి.

బయలుదేరే ముందు, బండి నిలిపి ఉండగానే

అద్దె కంపెనీ మనిషి బండి చూపించేటప్పుడు నీళ్ళ ట్యాంకు, గ్యాసు, జనరేటర్, మురుగు గొట్టం గురించే ఎక్కువసేపు చెబుతారు. స్టీరింగ్ దగ్గరకు వచ్చేసరికి "ఇది మీకు తెలిసిందే కదా" అని దాటేస్తారు. తాళాలు చేతికి వచ్చాక ఆ యార్డులోనే పావుగంట కూర్చుని కింది పనులు చేసుకోవడం మంచిది.

మొదట సీటు సరిచేసుకోవాలి. ఈ-సిరీస్ క్యాబిన్‌లో ఇంజిన్ సగం లోపలికే చొచ్చుకుని వస్తుంది కనుక, రెండు సీట్ల మధ్య దాని మూత పెద్ద దిమ్మెలా ఉండి డ్రైవర్ కుడికాలికి చోటు తగ్గిస్తుంది. కారులో అలవాటైనట్టు కాళ్ళు చాచి కూర్చుంటే బ్రేకు పెడల్ మీద పాదం పూర్తిగా పడకపోవచ్చు. బ్రేకును చివరిదాకా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేటట్టు సీటు ముందుకు జరుపుకుని, ఆ తరువాత స్టీరింగ్ ఎత్తు సరిచేసుకోవాలి. స్టీరింగ్ వంపు మార్చే చిన్న లివర్ కాలమ్‌కు ఎడమ పక్కన, ఇండికేటర్ లివర్‌కు దగ్గరలోనే ఉంటుంది. నడుస్తున్న బండిలో ఇండికేటర్ అనుకుని దీన్ని లాగితే స్టీరింగ్ ఒక్కసారిగా ఒళ్ళోకి వాలుతుంది కనుక, దాని చోటు, దాని పొడవు చేత్తో తడిమి గుర్తుపెట్టుకోవాలి. స్టీరింగ్ పై అంచు మీటర్లను, ముఖ్యంగా గేరు, టో/హాల్ (కొండ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు గేర్లను అదుపు చేసే పద్ధతి) దీపాలు కనిపించే చోటును కప్పకుండా ఉండాలి. అద్దాలు సరిచేసుకోవడం ఆఖరి పని. ముందే చేస్తే సీటు జరిపాక మళ్ళీ చేయవలసి వస్తుంది.

తరువాత ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, స్టీరింగ్ మీద ఉన్న ప్రతి బటన్‌ను చూస్తూ ఒకసారి, చూడకుండా ఒకసారి తాకాలి. చూపు రోడ్డు మీదే ఉంచి క్రూజ్ రద్దు చేసే బటన్‌ను, గేరు లివర్ మీది టో/హాల్ బటన్‌ను వేలు వెతుక్కోగలగాలి. మిగతావి తడబడినా ఫరవాలేదు. పక్క సీట్లో కూర్చునేవారు కూడా అప్పుడే ఏసీ, రేడియో, కెమెరా తెర నేర్చుకుంటే, దారిలో డ్రైవర్ చేతికి పని తగ్గుతుంది.

ఎడమ లివర్, కుడి లివర్

ఇండియాలో మారుతీ, హ్యూండాయ్, టొయోటా బళ్ళు నడిపినవారికి ఇండికేటర్ కుడిచేతి పని. అమెరికాకు వచ్చిన కొత్తలో ఎడమకు తిరగాలని కుడి లివర్ లాగి వైపర్లు తిప్పని తెలుగువారు అరుదు. కారులో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. ఈ-సిరీస్‌లో కుడి లివర్ వైపర్ కాదు, గేరు. ఇండికేటర్, వైపర్, అద్దం మీద నీళ్ళు చల్లడం, హై బీమ్ అన్నీ ఎడమ లివర్ ఒక్కదానిలోనే ఉంటాయి. కుడివైపు పొడవుగా ఉండేది డ్రైవర్ తన వైపుకు లాగి కిందికి దించే గేరు లివర్. అమెరికా వచ్చి పదేళ్ళయినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు గాని, ఇండియా నుంచి వచ్చిన తమ్ముడో, బావగారో "కాసేపు నేను నడుపుతాను" అన్నప్పుడు మొట్టమొదట చెప్పవలసింది ఇదే. ఆ దేశపు లైసెన్సుతో నడపడానికి రాష్ట్రం ఒప్పుకున్నా, అద్దె ఒప్పందంలో వారి పేరు ఉంటేనే వారికి స్టీరింగ్ ఇవ్వాలన్నది వేరే విషయం.

ఇండికేటర్‌ను కారులో కంటే ముందుగా వేయాలి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం మలుపుకు ముందు కనీసం 100 అడుగులు ఇండికేటర్ వెలుగుతూ ఉండాలి. ఫ్రీవే మీద లేన్ మారే ముందు కనీసం 5 సెకన్లు వేయమని ఆ రాష్ట్రపు డ్రైవింగ్ పుస్తకం చెబుతుంది. మోటర్‌హోమ్‌కు ఆ 5 సెకన్లు నిజంగా అవసరం, ఎందుకంటే పక్క లేన్‌లో మీ వెనుక చక్రాల దగ్గర ఉన్న చిన్న కారు అద్దంలో కనిపించకపోయినా, ఆ కారు మనిషికి మీ దీపం కనిపిస్తుంది, తప్పుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. లివర్‌ను లేన్ మారడానికి సగం నొక్కి పట్టుకోవడం వేరు, క్లిక్ అనేదాకా నొక్కడం వేరు. నెమ్మదిగా, కొద్దిగా మాత్రమే స్టీరింగ్ తిప్పి లేన్ మారినప్పుడు క్లిక్ అయిన ఇండికేటర్ తనంతట తాను ఆగదు. ఇంటి భాగం నుంచి వచ్చే గిన్నెల చప్పుడులో దాని టిక్‌టిక్ వినిపించదు. లేన్ మారాక బాణం గుర్తు ఆరిందో లేదో కంటితో చూసుకోవాలి.

పక్క కెమెరాలు అమర్చిన బళ్ళలో ఇండికేటర్‌కు ఇంకో పని కూడా ఉంటుంది. కుడి ఇండికేటర్ వేయగానే డాష్‌బోర్డు తెర మీద కుడి పక్క దృశ్యం, ఎడమది వేస్తే ఎడమ పక్క దృశ్యం వస్తుంది. లేన్ మారే ఉద్దేశం లేకపోయినా, పక్కన ఎవరైనా ఉన్నారేమో చూడటానికి కొందరు ఇండికేటర్ వేసి చూస్తుంటారు. ఇది తప్పు; వెనుక ఉన్నవారు దాన్ని సంకేతంగానే తీసుకుంటారు. చాలా తెరల మీద కెమెరాను చేత్తో ఎంచుకునే గుర్తు వేరుగా ఉంటుంది, పక్క సీటువారు దాన్ని నొక్కవచ్చు.

వైపర్ వేగం లివర్ చివర ఉన్న భాగాన్ని తిప్పితే మారుతుంది. వానలో కాలిఫోర్నియాలో పాటించవలసిన నియమం ఒకటుంది: వైపర్లు ఆగకుండా తిరుగుతున్నంతసేపు హెడ్‌లైట్లు కూడా వెలుగుతూ ఉండాలి. హెడ్‌లైట్ మీట డాష్‌బోర్డుకు ఎడమవైపు ఉంటుంది కనుక వైపర్ వేసిన ఎడమచెయ్యే వెంటనే దాని మీదికి వెళ్ళేలా అలవాటు చేసుకుంటే రెండూ మరిచిపోరు. పగటిపూట వెలిగే చిన్న దీపాలు ముందువైపే ఉండి, వెనుక దీపాలు ఆరి ఉండే బళ్ళు ఉన్నాయి కాబట్టి, ఏవో దీపాలు వెలుగుతున్నాయి కదా అని ఊరుకోకూడదు.

క్రూజ్ కంట్రోల్

క్రూజ్ బటన్లు స్టీరింగ్ ఆకుల మీద ఉంటాయి: ఆన్, ఆఫ్, సెట్, వేగం పెంచే ప్లస్, తగ్గించే మైనస్, పాత వేగానికి తిరిగి వెళ్ళే రెజ్యూమ్, రద్దు చేసే క్యాన్సిల్. పాత బళ్ళలో కొన్నిటికి క్యాన్సిల్ బటన్ ఉండదు. బ్రేకు తాకడమో, ఆఫ్ నొక్కడమో చేయాలి. వాడే విధానం సులభమే. మొదట ఆన్ నొక్కాలి, కావలసిన వేగానికి బండిని తీసుకువచ్చి సెట్ నొక్కాలి, ఆక్సిలరేటర్ మీది నుంచి కాలు మెల్లగా తీయాలి. వేగం మరీ తక్కువగా ఉంటే సెట్ పట్టదు. ప్లస్, మైనస్ ఒక్కసారి తాకితే వేగం సుమారు ఒక మైలు మారుతుంది. నొక్కి పట్టుకుంటే బండి వేగం పెరుగుతూనో తగ్గుతూనో పోయి, వదిలిన చోట నిలుస్తుంది. మధ్యలో కాలితో ఆక్సిలరేటర్ తొక్కినా క్రూజ్ రద్దు కాదు, కాలు తీయగానే పాత వేగానికి వస్తుంది. బ్రేకు తాకితే రద్దవుతుంది గాని ఆ వేగం జ్ఞాపకంలోనే ఉంటుంది. ఆఫ్ నొక్కినా, ఇంజిన్ ఆపినా ఆ జ్ఞాపకం పోతుంది.

ఈ చివరి తేడాను మోటర్‌హోమ్‌లో బాగా గుర్తుంచుకోవాలి. 62 మైళ్ళ దగ్గర సెట్ చేసి, రోడ్డు పనుల దగ్గర బ్రేకు వేసి 40కి దిగి, అది దాటాక రెజ్యూమ్ నొక్కారనుకోండి. కారైతే మెల్లగా వేగం పుంజుకుంటుంది. ఇక్కడ ఆరు టన్నుల బండిని 62కు తీసుకుపోవాలని ఇంజిన్ రెండు మూడు గేర్లు దించుకుని ఒక్కసారిగా గర్జిస్తుంది. వెనుక పడుకున్న పిల్లలు లేచి కూర్చుంటారు, పెట్రోలు కూడా దండిగా తాగుతుంది. కాలితోనే బండిని 58, 60 దాకా తీసుకువచ్చి ఆ తరువాత రెజ్యూమ్ నొక్కితే ఆ గోల ఉండదు. ఫ్రీవే దిగి ఊళ్ళోకి వెళ్తున్నప్పుడు మాత్రం రద్దు చేసి వదిలేయకుండా ఆఫ్ నొక్కాలి. ఊళ్ళో స్టీరింగ్ ఎక్కువగా తిప్పుతాం, ఆ తిప్పడంలో అరచెయ్యి రెజ్యూమ్ మీద పడితే జ్ఞాపకంలో 62 ఉన్న బండి ఏం చేయబోతుందో ఊహించుకోవచ్చు.

ఎంత వేగానికి సెట్ చేయాలన్నది ఎవరి ఇష్టం వారిది గాని, 60, 62 దాటితే ఈ బండి గాలిని చీల్చడానికే ఇంధనం ఖర్చు పెడుతుందని నా అభిప్రాయం. ముందు భాగం నిలువు గోడలా ఉండే వాహనానికి వేగం పెరిగే కొద్దీ గాలి అడ్డు చాలా త్వరగా పెరుగుతుంది. వెనుక చిన్న కారును కట్టి లాగుతుంటే కాలిఫోర్నియాలో అసలు 55 మైళ్ళకు మించకూడదు. బోర్డు మీద 70 అని రాసి ఉన్నా అది మీకు కాదు.

క్రూజ్ వాడకూడని చోట్లు స్పష్టంగా ఉన్నాయి. తడి రోడ్డు మీద వాడకూడదు, ఎందుకంటే నీటి పొర మీద చక్రం జారినప్పుడు వేగం నిలపడానికి వ్యవస్థ చక్రాలకు శక్తి అందిస్తూనే ఉంటుంది, డ్రైవర్ కాలు ఆ జారుడును పసిగట్టే వీలుండదు. ఎదురుగాలి, పక్కగాలి గట్టిగా ఉన్నచోట, మలుపులు దగ్గరదగ్గరగా ఉన్నచోట, ట్రాఫిక్ చిక్కగా ఉన్నచోట కూడా వద్దు. ఎత్తుపల్లాలు వరుసగా వచ్చే రోడ్డు మీద ప్రతి చిన్న ఎత్తుకూ క్రూజ్ గేరు దించుతూ, దాటగానే ఎక్కిస్తూ ఉంటుంది. కాలితో నడిపే మనిషి ఎత్తులో నాలుగు మైళ్ళు తగ్గనిచ్చి దిగుడులో రాబట్టుకుంటాడు, బండికీ అదే సుఖం.

ముందు టైరు పేలినప్పుడు ఏం చేయాలో కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. బ్రేకు తొక్కకూడదు. స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, బండి లాగుతున్న వైపుకు ఎదురుగా కావలసినంతే తిప్పి, లేన్‌లో నిలదొక్కుకున్నాక ఆక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తగ్గిస్తూ పక్కకు తీసుకోవాలి. క్రూజ్‌లో వెళ్తున్నప్పుడు కుడికాలు ఎక్కడో పక్కన పెట్టుకుని ఉంటే భయంతో ముందు పడేది బ్రేకు మీదే. అందుకని క్రూజ్ పెట్టినా కుడిపాదం పెడల్స్ దగ్గరే నేల మీద ఆనించి ఉంచడం, చేతులు గడియారంలో 9, 3 అంకెలు ఉండే చోట ఉంచడం అవసరం.

టో/హాల్ బటన్, ఘాట్ దిగడం

గేరు లివర్ కొసన, బొటనవేలికి అందే చోట ఒక చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే మీటర్లలో టో/హాల్ అనే దీపం వెలుగుతుంది. ఈ పేరు చూసి ఏదైనా లాగుతుంటేనే వాడాలని చాలామంది అనుకుని మొత్తం ప్రయాణంలో దాని జోలికి పోరు. మోటర్‌హోమ్ తానే ఒక పెద్ద బరువు; వెనుక ఏమీ కట్టకపోయినా కొండ ప్రాంతాల్లో ఈ బటన్ మీకోసమే ఉంది. నన్నడిగితే ఈ క్యాబిన్‌లో ఇంతకంటే విలువైన బటన్ లేదు.

ఇది చేసే పనులు రెండు. ఎక్కేటప్పుడు గేర్లు తొందరపడి పైకి మారకుండా ఆపుతుంది, దానితో ఇంజిన్ పై గేరు, కింది గేరు మధ్య ఊగిసలాడటం తగ్గి గేరుబాక్సు వేడెక్కదు. దిగేటప్పుడు బ్రేకు కొద్దిగా నొక్కగానే గేరుబాక్సు తానే కింది గేరుకు దిగి, ఇంజిన్‌తో బండిని పట్టి ఉంచుతుంది. మామూలు క్రూజ్ కంట్రోల్ దిగుడులో వేగాన్ని ఆపలేదని, 55కు సెట్ చేసినా బండి 65, 70 దాకా జారిపోగలదని తెలిసినవారికి ఈ రెండో పని విలువ వెంటనే అర్థమవుతుంది.

లాస్ ఏంజెలెస్ నుంచి బే ఏరియాకు ఐ-5 ఫ్రీవే మీద వచ్చేవారందరికీ గ్రేప్‌వైన్ అనే కొండదారి తెలుసు. టెహోన్ పాస్ అనే కనుమ దాటి ఉత్తరానికి దిగేటప్పుడు సుమారు 5 మైళ్ళ పొడవునా 6 శాతం వాలు, అంటే ప్రతి 100 అడుగుల నడకకు 6 అడుగుల దిగుడు. బ్రేకులు పోయిన లారీల కోసం ఇసుకా గులకరాళ్ళతో నింపిన ఎస్కేప్ ర్యాంప్‌లు అక్కడ ఊరికే కట్టలేదు. కొలరాడోలో ఐ-70 మీద 11,000 అడుగులకు పైన ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం దాటాక వచ్చే దిగుళ్ళు ఇంకా కఠినం. ఇలాంటి చోట దిగే క్రమం ఇది.

శిఖరం చేరకముందే క్రూజ్ ఆఫ్ చేయాలి. టో/హాల్ నొక్కి దీపం వెలిగిందని కంటితో చూసుకోవాలి; ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే అది సాధారణంగా ఆగిపోతుంది కనుక, మధ్యలో కాఫీకి ఆగినవారు తప్పనిసరిగా చూడాలి. దిగుడు మొదలయ్యేలోపే వేగం తగ్గించి కుడి లేన్‌లోకి రావాలి. దిగుడులో మీకు సురక్షితమనిపించే వేగం ఒకటి, ఉదాహరణకు 50, మనసులో అనుకోవాలి. బండి 50కి చేరగానే బ్రేకును కాస్త గట్టిగా, సుమారు 3 సెకన్లు నొక్కి 45కు తెచ్చి, పూర్తిగా వదిలేయాలి. ఆ నొక్కుడుకే గేరు దిగి ఇంజిన్ హోరు పెరుగుతుంది. మళ్ళీ 50కి వచ్చినప్పుడు మళ్ళీ అదే. లారీ డ్రైవర్లకు అమెరికా లైసెన్సు పుస్తకాల్లో నేర్పే పద్ధతి కూడా ఇదే: వేగం హద్దుకు చేరినప్పుడు 5 మైళ్ళు తగ్గేదాకా నొక్కి వదలడం. బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి కొండంతా దిగితే, బ్రేకులకు చల్లారే వ్యవధి లేక, కిందికి వచ్చేసరికి పెడల్ నొక్కినా పట్టు దొరకని స్థితి వస్తుంది.

గేరు దిగినప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎం 4,000 దాటి గట్టిగా శబ్దం చేస్తుంది. కారు అలవాటు ఉన్నవారికి ఏదో పాడైపోతున్నట్టు అనిపించి వెంటనే టో/హాల్ ఆపేయాలనిపిస్తుంది. ఆపకూడదు. ముల్లు ఎర్ర గీతకు ఇవతల ఉన్నంతవరకు ఇంజిన్‌కు ఏ నష్టమూ లేదు, ఆ శబ్దమే మీ బ్రేకులను కాపాడుతున్నది. ఇంటివారికి ముందే ఒక మాట చెప్పి ఉంచితే "ఏమండీ, ఏమైంది?" అన్న కంగారు ఉండదు. టో/హాల్ ఉన్నా వేగం ఆగకపోతే బ్రేకుతో ముందు వేగం తగ్గించి, గేరు లివర్‌తోనే ఇంకా కింది గేరుకు దించాలి. మోడల్‌ను బట్టి లివర్‌ను ఇంకా కిందికి జరపడమో, లివర్ మీది మైనస్ నొక్కడమో ఉంటుంది. ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే గేరు అని తిరుమల, శ్రీశైలం ఘాట్లలో డ్రైవర్ల నోట వినే సూత్రం ఇక్కడా అక్షరాలా వర్తిస్తుంది.

చదునైన ఫ్రీవే మీదికి వచ్చాక టో/హాల్ తీసేయవచ్చు. ఉంచితే పాడయ్యేది ఏమీ లేదు గాని పై గేరు ఆలస్యంగా పడి ఇంధనం కొంచెం ఎక్కువ కాలుతుంది. వర్షంలోనో మంచులోనో రోడ్డు జారుడుగా ఉన్నప్పుడు మాత్రం, గేరు హఠాత్తుగా దిగితే వెనుక చక్రాలు పట్టు తప్పే ప్రమాదం ఉంది కాబట్టి, మొదటినుంచే చాలా తక్కువ వేగంతో దిగడం ఒక్కటే మార్గం.

స్టీరింగ్ పట్టుకోవడం

ఈ బటన్లన్నీ ఉన్న స్టీరింగ్ కూడా కారు స్టీరింగ్ కాదు. ఈ-సిరీస్‌లో నడిమధ్య కొంచెం వదులుగా ఉంటుంది. కొద్దిగా తిప్పినా బండి వెంటనే స్పందించదు, దానితో కొత్తవారు ఇటూ అటూ తిప్పుతూ దాన్ని తరుముతుంటారు. అమెరికా ఫ్రీవేల్లో లేన్ 12 అడుగుల వెడల్పు, బండి దాదాపు 8.5 అడుగులు, రెండు పక్కలా రెండడుగుల చోటు కూడా మిగలదు. చూపును బానెట్ ముందున్న గీతల మీద కాక 10 నుంచి 15 సెకన్ల దూరంలో పెడితే చేతులు వాటంతట అవే నెమ్మదిస్తాయి. పెద్ద లారీ పక్కనుంచి దాటేటప్పుడు దాని ముందు గాలి మొదట మిమ్మల్ని బయటికి నెట్టి, తరువాత లోపలికి లాగుతుంది. మొదటి నెట్టుడుకు ఎక్కువగా తిప్పితే రెండో లాగుడుకు లారీ వైపే పోతారు. చేతులు బిగించి, వేలెడంత కదలికతో సరిపెట్టాలి.

హార్న్, రేడియో, ఫోన్

హార్న్ స్టీరింగ్ మధ్యలో ఉంటుంది. ప్రమాదం తప్పించడానికి తప్ప ఈ దేశంలో దాన్ని ఎవరూ వాడరు. వెనుకనుంచి వస్తున్నానని చెప్పడానికి కొట్టే మన అలవాటును ఇక్కడ తగువుకు పిలిచినట్టు తీసుకుంటారు.

స్టీరింగ్ మీద వాల్యూమ్, పాట మార్చే బటన్లు ఉన్నా కొన్ని మోటర్‌హోమ్‌లలో అవి పనిచేయవు. ఫోర్డ్ ఇచ్చిన రేడియోను తీసి, మోటర్‌హోమ్ తయారీదారు కెమెరా తెరతో కూడిన వేరే కంపెనీ రేడియో పెట్టినప్పుడు, రెండిటినీ కలిపే చిన్న పరికరం పెట్టకపోతే బటన్ల మాట రేడియోకు అందదు. ఇది బండి లోపం కాదు, దారిలో వెతికి సరిచేసేదీ కాదు. రేడియో అసలే వెలగకపోతే మాత్రం, స్టీరింగ్ పక్కన డాష్‌బోర్డు మీద ఉన్న చిన్న స్విచ్‌లు చూడాలి. రేడియోకు కరెంటు ఇంటి బ్యాటరీ నుంచి రావాలా, ఇంజిన్ బ్యాటరీ నుంచి రావాలా అని ఎంచే స్విచ్ కొన్ని బళ్ళలో అక్కడే ఉంటుంది. ఆ వరుసలోనే జనరేటర్ స్విచ్, అద్దాల హీటర్ స్విచ్, ఇంజిన్ బ్యాటరీ దిగిపోతే ఇంటి బ్యాటరీతో స్టార్ట్ చేసుకునే స్విచ్ కనిపించవచ్చు. నడుపుతూ చీకట్లో వాటిని తడమకుండా వాటి క్రమం ముందే చూసి పెట్టుకోవాలి.

ఫోన్ బటన్ పనిచేస్తే దాన్ని వాడటమే మేలు. 2017 జనవరి నుంచి కాలిఫోర్నియాలో డ్రైవర్ ఫోన్‌ను చేత్తో పట్టుకోకూడదు. స్టాండులో బిగించి ఉన్న ఫోన్‌ను ఒక్క తాకుడుతోనో, ఒక్క జరుపుతోనో వాడవచ్చు, అంతే.

స్ప్రింటర్, డీజిల్ కోచ్‌లలో తేడాలు

మెర్సిడెస్ స్ప్రింటర్ మీద కట్టిన బళ్ళలో ఇప్పటి మోడళ్ళకు గేరు స్టీరింగ్ కుడిపక్కన చిన్న లివర్‌గా ఉంటుంది. దాన్ని పైకి నెడితే రివర్స్, కిందికి నొక్కితే డ్రైవ్, కొసన ఉన్న బటన్ నొక్కితే పార్క్. చూడటానికి అచ్చం వైపర్ లివర్‌లా ఉంటుంది కాబట్టి, కుడిచేత్తో ఇండికేటర్ వేసే అలవాటున్నవారు ఫోర్డ్ కంటే ఇక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాత స్ప్రింటర్లలో క్రూజ్‌కు స్టీరింగ్ మీద బటన్లు ఉండవు, ఎడమవైపు ఇండికేటర్ లివర్‌కు తోడు మరో చిన్న లివర్ ఉంటుంది. ఒకటి అనుకుని మరొకటి కదపడం మామూలు పొరపాటు. స్టీరింగ్ వెనుక ప్యాడిల్‌లు ఉన్న బళ్ళలో ఎడమ ప్యాడిల్ లాగితే గేరు దిగుతుంది, ఘాట్ దిగేటప్పుడు అదే ఆధారం.

పెద్ద డీజిల్ కోచ్‌లలో గేరు లివరే ఉండదు. డ్రైవర్ పక్కన బటన్ల పలక మీద రివర్స్, న్యూట్రల్, డ్రైవ్, పైకి కిందికి బాణాలు ఉంటాయి. టో/హాల్ బదులు ఎగ్జాస్ట్ బ్రేకు లేదా ఇంజిన్ బ్రేకు అనే స్విచ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేసి ఆక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయగానే ఇంజిన్ బండిని బలంగా ఆపుతుంది, గేరుబాక్సు కూడా గేర్లు దించుకుంటూ వస్తుంది. జారుడు రోడ్డు మీద దాన్ని ఆపి ఉంచాలి. ఈ కోచ్‌లలో కొన్నిటికి స్టీరింగ్ మధ్య పలక మీదే వైపర్, క్రూజ్ బటన్లతో పాటు, నొక్కినంతసేపు పక్క దీపాలను ఆర్పే బటన్ ఒకటి ఉంటుంది. మిమ్మల్ని దాటిన లారీకి చోటు ఉందని హెడ్‌లైట్ మిణుకుతో చెప్పడం, మీకు ఎవరైనా అలా చెబితే ఈ బటన్‌తో పక్క దీపాలు రెండుసార్లు ఆర్పి వెలిగించి కృతజ్ఞత తెలపడం అక్కడి లారీ డ్రైవర్ల మర్యాద. హై బీమ్ మాత్రం వాడకూడదు, ముందున్నవారి అద్దాల్లో అది కళ్ళు కొడుతుంది. ఈ కోచ్‌లలో డ్రైవర్ ముందు చక్రాలకంటే ముందు కూర్చుంటాడు కనుక, మలుపు దగ్గర తన శరీరం కూడలిలోకి చాలా దూరం వచ్చాకగాని స్టీరింగ్ తిప్పకూడదు.

బటన్లు పనిచేయనప్పుడు

క్రూజ్ ఒక్కటే పట్టకపోతే, మొదట ఆన్ నొక్కారా, వేగం చాలినంత ఉందా అని చూసి, తరువాత ఒకరిని వెనుక నిలబెట్టి బ్రేకు దీపాలు వెలుగుతున్నాయేమో చూడాలి. బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్ చెడితే బండి బ్రేకు ఎప్పుడూ నొక్కి ఉన్నట్టు భావించి క్రూజ్‌ను పట్టనివ్వదు. బ్రేకు దీపాలు వెలగకపోయినా, ఎప్పుడూ వెలుగుతూనే ఉన్నా, అది క్రూజ్ సమస్య కాదు, రోడ్డు మీద నడపకూడని సమస్య.

హార్న్, క్రూజ్, రేడియో బటన్లు అన్నీ ఒకేసారి మూగబోయి, మీటర్లలో ఎయిర్‌బ్యాగ్ దీపం కూడా వెలిగితే, స్టీరింగ్ లోపల చుట్టగా ఉండే క్లాక్ స్ప్రింగ్ అనే తీగల పట్టీ తెగిందని అనుమానించాలి. స్టీరింగ్ ఎంత తిరిగినా బటన్లకు, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించేది అదే. దాన్ని చేరాలంటే ఎయిర్‌బ్యాగ్‌ను ఊడదీయాలి కాబట్టి, ఎంత చేతిపని వచ్చినవారైనా క్యాంపుగ్రౌండులో దానిమీద చెయ్యి వేయకూడదు. అద్దె కంపెనీ అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, వెలుగుతున్న దీపాన్ని ఫోటో తీసి పంపి, వాళ్ళు చెప్పిన వర్క్‌షాపుకు క్రూజ్ లేకుండా, కుడి లేన్‌లో నడుపుకుంటూ వెళ్ళాలి. వెళ్ళే దారిలో ఘాట్ ఉంటే భయపడనక్కరలేదు. టో/హాల్ బటన్ స్టీరింగ్ మీద కాక గేరు లివర్ మీద ఉంది కాబట్టి క్లాక్ స్ప్రింగ్ తెగినా అది మామూలుగానే పనిచేస్తుంది.